థామస్ కూన్ అసలు ఏమన్నాడు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీరు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నారు. ఒక సెమినార్‌లో వక్త ఒకరు "థామస్ కూన్ లెక్క ప్రకారం సైన్స్ కూడా ఒక నమ్మకమే, కాలాన్ని బట్టి మారిపోతుంది" అని తేల్చేశారు. అది విని మీ మనసు చివుక్కుమంది. కూన్ నిజంగా అలా అన్నాడా, అసలు ఆయన ఎవరు, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి అని అడిగారు.

కూన్ అలా అనలేదు. ఆయన ఫిజిక్స్ చదివి సైన్స్ చరిత్ర, తత్వశాస్త్రం వైపు వెళ్ళిన అమెరికన్. నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. అందులో ఇరవై ఏళ్ళకు పైగా కూన్ పుస్తకాలు నా బల్ల మీదే ఉన్నాయి. ఆయన్ని ఒక్క వాక్యంలో తేల్చేయడం వింటే నాకూ బాధగానే ఉంటుంది. జవాబు కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

1947 వేసవి దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఆయన ఆలోచనంతా అక్కడి నుంచే వచ్చింది. కూన్ 1922 జూలై 18న అమెరికాలోని సిన్సినాటిలో పుట్టాడు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివి, యుద్ధకాలంలో శత్రువుల రాడార్లను దెబ్బతీసే పరిశోధనలో పనిచేసి, తిరిగొచ్చి పీహెచ్‌డీ చేస్తున్నాడు. అప్పుడు హార్వర్డ్ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్. సైన్స్ చదవని విద్యార్థులకు చరిత్రలోని ఉదాహరణలతో సైన్స్ ఎలా నడుస్తుందో చెప్పాలన్నది కోనంట్ పథకం. ఆ కోర్సులో సాయం చేయమని కూన్‌ని పిలిచాడు. యాంత్రికశాస్త్రం ఎలా పుట్టిందో చెప్పే పని కూన్‌కి పడింది. సరే, గెలీలియో కంటే ముందు ఏముందో చూద్దామని అరిస్టాటిల్ 'ఫిజిక్స్' తెరిచాడు.

ఆయన వేసుకున్న ప్రశ్న మనం కూడా వేసే ప్రశ్నే: అరిస్టాటిల్‌కి మెకానిక్స్ ఎంత తెలుసు, న్యూటన్ కోసం ఎంత మిగిల్చాడు? చదివిన కొద్దీ అరిస్టాటిల్‌కి మెకానిక్స్ బొత్తిగా తెలియదనే అనిపించింది. తెలియకపోవడమే కాదు, ప్రతి పేజీలో తప్పులే. కానీ తర్కంలోనూ జీవశాస్త్రంలోనూ రాజనీతిలోనూ అంత సూక్ష్మంగా చూసిన మనిషి, రాయి పడటం దగ్గరికి వచ్చేసరికి ఇంత అమాయకంగా ఎలా రాస్తాడు? ఆ తర్వాత వందల ఏళ్ళు అంతమంది తెలివైనవాళ్ళు దాన్ని ఎలా నమ్ముతారు? బాగా ఎండగా ఉన్న ఒక రోజు, బల్ల మీద పుస్తకం తెరిచి, చేతిలో నాలుగు రంగుల పెన్సిల్ పట్టుకుని, కిటికీలోంచి ఊరికే బయటికి చూస్తూ కూర్చున్నాడట. ఉన్నట్టుండి తలలోని ముక్కలన్నీ వాటంతటవే సర్దుకుని కొత్తగా అమరాయి. నోరు తెరిచి ఉండిపోయానని తర్వాత ఆయనే రాశాడు.

ఆయనకు కనిపించింది ఇది. అరిస్టాటిల్ వాడిన మాటని మనం 'చలనం' అని చదువుతాం, వెంటనే మన మనసులో వేగం, త్వరణం వచ్చి కూర్చుంటాయి. అరిస్టాటిల్‌కి ఆ మాట అన్ని రకాల మార్పులకూ పేరు. పిల్లవాడు పెరగడం, కాయ పండటం, జబ్బుపడ్డవాడు కోలుకోవడం, రాయి నేలకు చేరడం, ఇవన్నీ ఒకే కుటుంబం. రోగికి ఆరోగ్యం ఎలా సహజస్థితో, రాయికి నేల అలా సహజస్థానం. అలా చూస్తే ఆ పుస్తకంలో మాటలన్నీ ఒకదాని వెంట ఒకటి పొందికగా వస్తాయి. శూన్యం ఉండదని ఆయన ఎందుకు అంత గట్టిగా అన్నాడో కూడా అర్థమవుతుంది. అరిస్టాటిల్ చెప్పింది నిజమని కూన్ అనలేదు. ఆయన మూర్ఖుడు కాదు, వేరే ప్రశ్నలకు జవాబు వెతుకుతున్నాడు అన్నాడు. గొప్పవాళ్ళ రాతల్లో అర్థం లేనట్టు కనిపించే చోట ముందు ఆగండి, బుద్ధి ఉన్న మనిషి అలా ఎందుకు రాసి ఉంటాడో అడగండి అని ఆయన తన విద్యార్థులకు చెప్పేవాడు. నా దృష్టిలో కూన్ మనకిచ్చిన వాటిలో అన్నిటికంటే విలువైనది ఇదే.

1949లో పీహెచ్‌డీ పూర్తయింది, గైడు జాన్ వాన్ వ్లెక్. ఆ తర్వాత కూన్ ఫిజిక్స్ వదిలి చరిత్ర, తత్వశాస్త్రం వైపు వెళ్ళిపోయాడు. 1956లో బర్క్‌లీ, 1964లో ప్రిన్స్‌టన్, 1979 నుంచి ఎంఐటీ. బర్క్‌లీలో ప్రొఫెసర్ పదోన్నతి ఇచ్చేటప్పుడు చరిత్ర విభాగంలో మాత్రమే ఇచ్చారు, తత్వశాస్త్ర విభాగం పెద్దలు తమ దగ్గర వద్దన్నారు. అది ఆయన్ని చాలా బాధపెట్టింది. తనను తాను తత్వవేత్తగానే అనుకున్న మనిషి మరి.

1962లో వచ్చిన 'ది స్ట్రక్చర్ ఆఫ్ సైంటిఫిక్ రివల్యూషన్స్' చిన్న పుస్తకం, నూట డెబ్బై పేజీల చిల్లర. పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. అందులోంచి పుట్టిన 'పారడైమ్' అనే మాట ఇప్పుడు కంపెనీ మీటింగుల్లో కూడా అరిగిపోయింది. కూన్ దాన్ని వ్యాకరణం నుంచి తీసుకున్నాడు. లాటిన్ నేర్చుకునే పిల్లలు ఒక క్రియని నమూనాగా వల్లె వేసి, మిగతా క్రియల్ని అదే దారిలో నడిపిస్తారు. ఆ నమూనాకి పేరు పారడైమ్. ఇంటర్లో సంస్కృతం తీసుకున్నవాళ్ళకి ఇది విడిగా చెప్పక్కర్లేదు. 'రామః రామౌ రామాః' అని రామ శబ్దం వల్లె వేశాం. తర్వాత కృష్ణ, వృక్ష, గజ శబ్దాలు ఎవరూ ఒక్కొక్కటిగా నేర్పలేదు, రామ శబ్దం ఎలా నడిస్తే వాటినీ అలాగే నడిపించేశాం. సూత్రం పుస్తకంలో ఉంది, కానీ చేతికి పనికొచ్చింది రామ శబ్దం.

ఫిజిక్స్‌లోనూ అంతే. బలం అంటే ద్రవ్యరాశి ఇంటూ త్వరణం అనే సూత్రం ఒక్క నిమిషంలో బట్టీపట్టొచ్చు. కానీ దాన్ని వాలుతలం మీద జారే దిమ్మకి, పెండ్యులానికి, స్ప్రింగుకి వేలాడే బరువుకి ఎలా తగిలించాలో లెక్కలు చేస్తే తప్ప రాదు. అవే మన రామ శబ్దాలు. కొత్త లెక్క వచ్చినప్పుడు "ఇది ఆ పెండ్యులం లెక్క లాంటిదే కదా" అని తట్టడమే ఫిజిక్స్ రావడం. పారడైమ్ అంటే కూన్ మనసులో ముందుగా ఉన్నది ఇదే, ఒక శాస్త్ర సమాజం అంతా కలిసి నేర్చుకున్న ఆదర్శ పరిష్కారం. తర్వాత ఆయనే ఆ మాటను సిద్ధాంతాలు, పద్ధతులు, విలువలు అన్నిటికీ కలిపి వాడేసి గందరగోళం తెచ్చుకున్నాడు. మార్గరెట్ మాస్టర్‌మన్ అనే ఆవిడ ఆ పుస్తకంలో పారడైమ్ అనే మాట 21 అర్థాల్లో వాడారని లెక్కపెట్టి చూపించింది. ఆ విమర్శని కూన్ తోసిపుచ్చలేదు. 1970లో రెండో కూర్పుకి చివరిమాట రాసి విషయం విడదీసి చెప్పాడు.

పారడైమ్ కుదిరాక జరిగే రోజువారీ పనికి ఆయన 'నార్మల్ సైన్స్' అని పేరు పెట్టాడు. అక్కడ పరీక్ష సిద్ధాంతానికి కాదు, మనిషికి. మా ల్యాబ్‌లో సింపుల్ పెండ్యులం ప్రయోగం చేయిస్తే ఒకమ్మాయికి జీ (భూమ్యాకర్షణ వల్ల వచ్చే త్వరణం) విలువ 980కి బదులు 1085 దాకా వచ్చింది. భూమ్యాకర్షణ మా ఊళ్ళో ఎక్కువని తను రాయలేదు, నేనూ అనుకోలేదు. ఇరవై డోలనాలు లెక్కపెట్టేటప్పుడు గుండు వదలగానే 'సున్నా' అనాల్సింది 'ఒకటి' అంది. ఆమె ఇరవై అనుకున్నవి నిజానికి పంతొమ్మిది. ఇరవై బై పంతొమ్మిదిని వర్గం చేసి 980తో గుణించి చూడండి, ఆ 1085 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. సిద్ధాంతం మీద ఆ నమ్మకం లేకపోతే ఆ తప్పు ఎప్పటికీ దొరికేది కాదు. నమ్మకం అనే మాట ఇక్కడ వాడొచ్చు, కానీ ఇది వెతుకులాటను ఆపే నమ్మకం కాదు, వెతికించే నమ్మకం. మీ సెమినార్ వక్త ఈ తేడాని వదిలేశారు.

మరి అదే నమ్మకం ఎప్పుడు మనల్ని దారి తప్పిస్తుంది? దీనికి నాకు నచ్చిన ఉదాహరణ ఫ్రెంచి ఖగోళవేత్త లె వెరియె. యురేనస్ గ్రహం న్యూటన్ లెక్క ప్రకారం ఉండాల్సిన చోట ఉండటం లేదు. న్యూటన్ తప్పని ఆయన అనలేదు. బయట ఎక్కడో కనబడని గ్రహం లాగుతోందని లెక్క కట్టి, ఫలానా చోట చూడమని బెర్లిన్‌కి ఉత్తరం రాశాడు. 1846 సెప్టెంబర్ 23 రాత్రి అక్కడి ఖగోళవేత్త గాలె చూశాడు, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. తర్వాత అదే మనిషి 1859లో బుధుడి కక్ష్యలో చిన్న తేడా గమనించాడు. ఈసారి సూర్యుడికి దగ్గరగా ఇంకో గ్రహం ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. దశాబ్దాల పాటు వెతికారు, గ్రహణాల్లో వెతికారు. అలాంటి గ్రహం లేదు. ఆ తేడా శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). దానికి లెక్క కుదిరింది 1915లో ఐన్‌స్టైన్ గురుత్వాకర్షణనే కొత్తగా రాసినప్పుడు.

మనిషి ఒకడే, పద్ధతి ఒకటే, తెలివికి లోటు లేదు. ఒకసారి విజయం, ఇంకోసారి వైఫల్యం. ఏ తేడా నెప్ట్యూన్ అవుతుందో ఏది వల్కన్ అవుతుందో ముందుగా చెప్పే సూత్రం లేదు. సరిపోని కొలత ఒక్కటి వస్తే చాలు సిద్ధాంతాన్ని వదిలేయాలని చాలామంది తత్వవేత్త కార్ల్ పాపర్ పేరు మీద చెబుతుంటారు. పాపర్‌ని అంత మొరటుగా కుదించడం అన్యాయమే, కానీ అలా చేస్తే 1846కి ముందే న్యూటన్‌ని చెత్తబుట్టలో వేసేవాళ్ళం. తేడాలు పేరుకుని, ముఖ్యమైన చోట మొండికేసి, చేతిలో ఇంకో దారి కూడా ఉన్నప్పుడే మార్పు వస్తుందని కూన్ చరిత్ర చూపించి చెప్పాడు.

ఆ మధ్యలో ఉండే ఇబ్బందికి ఆయన చూపిన పేకముక్కల ప్రయోగం చెప్పాలి. 1949లో బ్రూనర్, పోస్ట్‌మన్ అనే మనస్తత్వవేత్తలు పేకముక్కల్ని క్షణకాలం చూపించి ఏమిటో చెప్పమన్నారు. మధ్యలో కొన్ని దొంగముక్కలు కలిపారు, ఎర్రరంగులో ఇస్పేటు ఆరు, నల్లరంగులో ఆఠీను నాలుగు. చాలామంది ఏ తడబాటూ లేకుండా మామూలు ముక్కే చూశామన్నారు. ఇంకాస్త సేపు చూపిస్తే ఏదో తేడాగా ఉందన్నారు, ఏమిటో చెప్పలేకపోయారు. ఇంకా సేపు చూపిస్తే చాలామందికి ఒక్కసారిగా వెలిగింది. కొద్దిమందికి మాత్రం చివరిదాకా వెలగలేదు సరికదా, అసలు ఇస్పేటు ఎలా ఉంటుందో కూడా మర్చిపోయానన్నంత టెన్షన్ పడ్డారు. పేకాట ఆడేవాళ్ళెవరైనా ఇంట్లోనే చేసి చూడొచ్చు.

ఇక్కడ మన ఊళ్ళ ముచ్చట ఒకటి చెప్పాలనిపిస్తోంది. హీలియం గుంటూరులో కనుగొన్నారని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. గుంటూరులో ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ నుంచి వచ్చిన పాగ్సన్ సూర్యకాంతి వర్ణపటాన్ని చూశారు. అక్కడ పసుపుగీత ఉంది, కానీ అది సోడియం గీతేనని అనుకోవడానికి ఆస్కారం ఉంది. అది సోడియానిది కాదని తర్వాత ఇంగ్లండులో లాకయర్ పట్టుబట్టాడు. 1895లో రామ్సే యురేనియం ఖనిజం నుంచి ఆ గీత ఇచ్చే వాయువుని, అంటే హీలియంని, బయటికి తీశాడు. మరి కనుగొన్నది ఎవరు, ఏ రోజున? ఆక్సిజన్ గురించి కూన్ సరిగ్గా ఇదే ప్రశ్న అడిగాడు. షీలె, ప్రీస్ట్‌లీ ఆ వాయువుని తయారుచేశారు, అది ఏమిటో లవోయిజియె చెప్పాడు. ఏదో ఉందని చూడటం, అది ఏమిటో తెలియడం, రెండూ కలిస్తేనే కనుగొనడం. దానికి ఒక తేదీ వేయమంటే కుదరదు. గుంటూరు ముచ్చట దీనివల్ల చిన్నబోదు, నాకైతే ఇంకా ఆసక్తిగా మారింది.

ఇక అందరూ తడబడే మాట, ఇన్‌కమెన్సురబిలిటీ. పాత పారడైమ్‌కీ కొత్తదానికీ ఉమ్మడి కొలత లేదు అన్నాడు కూన్. దీన్నే పట్టుకుని "అయితే పోల్చడమే కుదరదు, ఎవరి నిజం వాళ్ళది" అంటారు. ఆ మాట జ్యామితిలోది. చతురస్రం భుజానికీ కర్ణానికీ ఉమ్మడి కొలత లేదు, ఎందుకంటే రూట్ రెండు కరణీయ సంఖ్య, భిన్నంగా రాయలేం. అయినా కర్ణమే పొడవని మనకు తెలుసు, ఎన్ని దశాంశాల దాకా కావాలంటే అన్ని దశాంశాల దాకా పోల్చగలం. కూన్ స్వయంగా ఈ వివరణ ఇచ్చాడు.

తెలుగువాళ్ళకి దీన్ని అర్థం చేసుకోవడానికి గుడి చాలు. నవగ్రహాల మంటపంలో సూర్యుడు ఉన్నాడు, చంద్రుడు ఉన్నాడు, రాహుకేతువులు ఉన్నారు. భూమి లేదు. స్కూలు పుస్తకంలో భూమి గ్రహం, సూర్యుడు నక్షత్రం, చంద్రుడు ఉపగ్రహం, రాహుకేతువులు లేనేలేరు. మాట ఒకటే, జాబితాలు వేరు. భూమి మధ్యలో ఉందన్న టాలెమీ నుంచి సూర్యుడు మధ్యలో ఉన్నాడన్న కోపర్నికస్‌కి మారినప్పుడు యూరప్‌లోనూ ఇదే జరిగింది. అంతకుముందు సూర్యుడు, చంద్రుడు 'ప్లానెట్లు', భూమి కాదు. కోపర్నికస్ "భూమి గ్రహం" అన్నప్పుడు ఉన్న జాబితాలో ఒక పేరు చేర్చలేదు, జాబితా ఎలా వేయాలో మార్చాడు. పాత అర్థంలో ఆ వాక్యం తప్పు కూడా కాదు, అసలు అర్థమే లేదు. పారడైమ్ మారితే భాషలో అల్లిక మారుతుందని కూన్ చివరి ఇరవై ఏళ్ళు రాసిందంతా దీని గురించే.

అల్లిక మారితే ఇక అర్థమే కాదా అంటే, అవుతుంది. 'ఎంగిలి' అనే మాట ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్ళండి చూద్దాం. ఒక్క మాట దొరకదు. దాని వెనక తినడం, తాగడం, చెయ్యి, నోరు, పాత్ర అన్నీ ఉన్నాయి. అయినా ఇక్కడికొచ్చి మనింట్లో ఆరు నెలలు ఉన్న విదేశీయుడికి ఎంగిలి అంటే ఏమిటో చక్కగా తెలిసిపోతుంది. తర్జుమా చేయలేకపోవచ్చు, నేర్చుకోగలం. అరిస్టాటిల్‌ని కూన్ అలాగే నేర్చుకున్నాడు.

1965 జూలైలో లండన్‌లో సైన్స్ తత్వశాస్త్రం మీద పెద్ద సభ జరిగింది. పాపర్ అక్కడే ఉన్నాడు. నార్మల్ సైన్స్ అనేది నిజంగా ఉంటే అది సైన్స్‌కే ప్రమాదం అన్నాడు. ఇమ్రె లకటోష్ అనే ఇంకో తత్వవేత్త ఇంకా ఘాటుగా, కూన్ చెప్పినట్టయితే సైన్స్ విప్లవాలు మూక మనస్తత్వం కిందికి వస్తాయని రాశాడు. మీ వక్త చెప్పింది నిజానికి కూన్ మాట కాదు, కూన్ మీద ఆయన విరోధులు వేసిన అభియోగం. 1973లో కూన్ దానికి నేరుగా జవాబిచ్చాడు. సిద్ధాంతాన్ని ఎంచుకునేటప్పుడు శాస్త్రజ్ఞులు ఐదు గుణాలు చూస్తారు: ఖచ్చితత్వం, పొందిక, విస్తృతి, సరళత, కొత్త ఫలితాలు ఇచ్చే శక్తి. ఇవి అందరికీ ఉమ్మడివే. కానీ రెండు గుణాలు చెరోవైపు లాగినప్పుడు దేనికెంత తూకం వేయాలో చెప్పే యంత్రం లేదు. కోపర్నికస్ పద్ధతి మొదట్లో టాలెమీ కంటే ఖచ్చితంగా ఏమీ లేదు. సరళతని పట్టించుకున్న కెప్లర్ దాన్ని ఎంచుకున్నాడు, ఆ ఎంపిక వల్లే దీర్ఘవృత్తాలు దొరికాయి. ఇది ఇష్టాయిష్టాల వ్యవహారం కాదు, తీర్పు. జడ్జిమెంట్ అనే అర్థంలో తీర్పు.

ఇంకో వైపు నుంచి జరిగే దుర్వినియోగం కూడా చెప్పాలి. "జ్యోతిషం వేరే పారడైమ్, సైన్స్ కొలతలతో దాన్ని చూడకూడదు" అనేవాళ్ళు కూన్ పేరు ఎత్తుతారు. అదే లండన్ సభకి రాసిన వ్యాసంలో కూన్ జ్యోతిషాన్ని పేరు పెట్టి తీసుకుని అది సైన్స్ కాదన్నాడు. కారణం కూడా చెప్పాడు. దాని జోస్యాలు తప్పలేదని కాదు, ఎన్నోసార్లు తప్పాయి. తప్పినప్పుడు జాతకుడి పుట్టిన వేళ సరిగ్గా తెలియదనో ఇంకేదో చెప్పి ఊరుకున్నారు. ఆ వైఫల్యం నుంచి పరిష్కరించాల్సిన చిక్కుముడి పుట్టలేదు. యురేనస్ తేడా నుంచి నెప్ట్యూన్ పుట్టింది.

కూన్‌తో నాకు పేచీ లేదని కాదు. విప్లవం తర్వాత శాస్త్రజ్ఞులు వేరే ప్రపంచంలో పనిచేస్తారని రాసిన అధ్యాయం అజాగ్రత్తగా ఉంది, ఇంత అపార్థానికి సగం బాధ్యత దానిదే. సైన్స్ డార్విన్ చెప్పిన పరిణామంలా ముందున్న దాని నుంచి ఎదుగుతుంది, ఏదో అంతిమ సత్యం వైపు నడవదు అన్నాడు. చిక్కులు విప్పే శక్తి మాత్రం పెరుగుతూనే ఉంటుందని ఒప్పుకున్నాడు. ఆ శక్తి ఎందుకు పెరుగుతోందో అడిగితే, ప్రపంచం గురించి మనకు ఏదో సరిగ్గా తెలుస్తోంది కాబట్టి అని నాకనిపిస్తుంది. ఫిజిక్స్ శాస్త్రజ్ఞుడు స్టీవెన్ వైన్‌బర్గ్ 1998లో దాదాపు ఈ కోణం నుంచే గట్టిగా విమర్శించాడు. న్యూటన్ మెకానిక్స్ మనం ఇప్పటికీ పాఠం చెబుతాం, అరిస్టాటిల్‌ది చెప్పం, ఈ రెండు మార్పుల్నీ ఒకే గాటన కట్టకూడదు అన్నాడు. ఇక్కడ నేను వైన్‌బర్గ్ పక్షమే.

కూన్ ఎంత ఒళ్ళు దాచుకోని చరిత్రకారుడో చాలామందికి తెలియదు. అరవైల మొదట్లో క్వాంటమ్ మెకానిక్స్ కట్టినవాళ్ళు బతికి ఉండగానే వాళ్ళ జ్ఞాపకాలు, ఉత్తరాలు సేకరించే పెద్ద పనికి ఆయనే సారథి. హైజెన్‌బర్గ్, డిరాక్ లాంటి వాళ్ళని కూర్చోబెట్టి గంటలకొద్దీ అడిగాడు. కోపెన్‌హాగెన్‌లో నీల్స్ బోర్‌తో చివరిసారి మాట్లాడింది 1962 నవంబర్ 17న. మర్నాడే బోర్ చనిపోయాడు. ఆ టేపుల మాటలు ఇప్పుడు ఎవరైనా చదువుకోవచ్చు. 1978లో ప్లాంక్ మీద రాసిన పుస్తకంలో, 1900లో ప్లాంక్ శక్తి ముక్కలుముక్కలుగా ఉంటుందని అనుకోనేలేదని, ఆ మాట 1905, 1906ల్లో ఐన్‌స్టైన్, ఎరెన్‌ఫెస్ట్‌ల నుంచి వచ్చిందని వాదించాడు. మన పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ ఆ మాట ప్లాంక్‌దేనని పాత కథే చెబుతున్నాయి. 1996 జూన్ 17న, 73 ఏళ్ళ వయసులో, క్యాన్సర్‌తో కూన్ పోయాడు. చివరిగా రాస్తున్న పుస్తకం పూర్తికాలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, 'స్ట్రక్చర్'తో మాత్రం వద్దు. ముందు 'వాట్ ఆర్ సైంటిఫిక్ రివల్యూషన్స్' అనే చిన్న వ్యాసం చదవండి. అరిస్టాటిల్, వోల్టా బ్యాటరీ, ప్లాంక్ మూడు ఉదాహరణలూ అందులో ఉన్నాయి, ఫిజిక్స్ విద్యార్థికి రెండు గంటల పని. తర్వాత 1957 నాటి 'ది కోపర్నికన్ రివల్యూషన్', పెన్సిలు పట్టుకుని బొమ్మలు వేసుకుంటూ చదవాలి. అప్పుడు 'స్ట్రక్చర్'. 1970 చివరిమాట ఉన్న కూర్పే కొనండి, ఆ చివరిమాట చదివాక పదో అధ్యాయం మళ్ళీ ఒకసారి చదవండి. మీ వక్త ఏ వాక్యం పట్టుకుని అలా అన్నారో మీకే కనిపిస్తుంది. అప్పుడు ఆయన దగ్గరికి వెళ్ళి మర్యాదగానే అడగండి. చదివాక సందేహాలుంటే రాయండి, నాకు తెలిసినంత చెబుతాను.